పదో తన్ను

కిందటి వారం మనం నాలుగో అంతస్తులో, సీలు వేసిన లిఫ్టు ముందు నిలబడి ఉన్నాం. ఇంకా అక్కడే ఉన్నాం. సీలు వేసింది మన కథానాయికే కాబట్టి, తియ్యమని పైకి అర్జీ పెట్టుకోవడానికి కూడా వీల్లేదు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈవిడ లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఊళ్ళో ఎవరి లిఫ్టయినా ఈవిడ చూసి సరే అంటేనే కదలాలి. కదిలిన లిఫ్టుల వాళ్ళు ఈవిణ్ణి 'మేడమ్' అంటారు, కదలని లిఫ్టుల వాళ్ళు 'సీలు మేడమ్' అంటారు. రెండో వర్గమే పెద్దది. సొంత అపార్టుమెంటు లిఫ్టులో ఒక తాడు పోగులు విడిపోతోందని కిందటి వారం దానికీ సీలు వేసి, ముప్పై రెండు కుటుంబాలని ఒక్క దెబ్బతో రెండో వర్గంలో చేర్చింది.

ఇప్పుడు ముప్పై అయిదో వారం నడుస్తోంది. మూడు వారాల కిందట స్కానింగులో ఒక సంగతి తెలిసింది. బొడ్డుతాడులో మామూలుగా మూడు రక్తనాళాలు ఉంటాయి. ఈ బిడ్డ తాడులో రెండే ఉన్నాయి. "ఇలాంటి పిల్లల్లో చాలామంది శుభ్రంగా పుడతారు. కాకపోతే ఎదుగుదల చూస్తూ ఉండాలి, రోజూ కదలికలు లెక్కపెట్టాలి. పది కదలికలకి ఎంతసేపు పట్టిందో రాయండి. ఆ టైము పెరుగుతూ పోతే ఆలోచించకుండా వచ్చెయ్యండి" అని డాక్టరమ్మ చెప్పింది.

ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కోలా తీసుకున్నారు. కత్తెర ఎక్కడ పెట్టిందో రోజూ మర్చిపోయి రోజూ దొరికించుకునే అత్తగారు, "మూడోది ఎక్కడికి పోతుంది, అక్కడే ఉంటుంది, సరిగ్గా వెతకమనండి" అంది. పన్నెండేళ్ళుగా కస్టమర్ కేర్‌లో పనిచేస్తున్న భర్త, డాక్టరమ్మ చెప్పిందంతా విని, "మీ సమస్య నాకు పూర్తిగా అర్థమైంది మేడమ్" అన్నాడు. సీలు మేడమ్ మాత్రం భోజనాల బల్ల దగ్గర అందరికీ ఒకేసారి చెప్పేసింది.

"లిఫ్టుకి నాలుగు తాళ్ళు ఉంటాయి. ఒక్క తాడే మొత్తం బరువు మొయ్యగలదు. ఒకటి తగ్గినంత మాత్రాన లిఫ్టు పడిపోదు. తనిఖీలు పెరుగుతాయి. అంతే. పెరుగు ఇటివ్వండి."

మామగారు బజారుకి వెళ్ళి ఎర్ర అట్ట రిజిస్టరు ఒకటి కొనుక్కొచ్చి గీతలు కొట్టడం మొదలుపెట్టాడు. ఆయన బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్ని గంటలకి గేటు దాటిందో, ఎన్నింటికి తిరిగొచ్చిందో రాయడం పని. రిటైరయ్యాక రాయడానికి ఏమీ లేక, ఇంట్లో కుక్కర్ కూతలు రాసిన మనిషి. ఆయనకి ఈ పని రావడం ఇంటిల్లిపాదికీ మంచిదే అనిపించింది.

పద్ధతి ఇది. రోజూ పొద్దున్న ఏడింటికి ఆవిడ సోఫాలో ఎడమవైపు తిరిగి పడుకుంటుంది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో ఆయన, డిపోవాళ్ళు వీడ్కోలు సభలో ఇచ్చిన గడియారంతో. బిడ్డ కదిలినప్పుడల్లా ఆవిడ ఒక వేలు ఎత్తాలి, ఆయన ఒక టిక్కు పెట్టాలి. పది టిక్కులు అయ్యాక ఎంతసేపు పట్టిందో రిజిస్టర్లో ఎక్కించాలి. ఆవిడ ఆ టైములో ఫోన్లో ఎవరో ఒక కాంట్రాక్టరుని చీవాట్లు పెడుతూ ఉండేది. నోరు తన పని చేసేది, వేలు తన పని చేసేది. గడియారం వైపు చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఇంట్లో టైమ్‌కీపరు ఉండగా గడియారం చూసేవాడెవడు?

ఇవాళ పదకొండింటికి డాక్టరమ్మ రమ్మంది. రిజిస్టరు కూడా తెమ్మంది. పదిన్నరకి ముగ్గురూ బయలుదేరారు. అత్తగారు తలుపుకి తాళం వేసింది. గ్యాస్ కట్టానో లేదో అని తీసింది. మళ్ళీ వేసింది. బాల్కనీ తలుపు గుర్తొచ్చి మళ్ళీ తీసింది. అత్తగారు రెండోసారి లోపలికి వెళ్ళిన ఆ మూడు నిమిషాల్లో చేసేదేమీ లేక, సీలు మేడమ్ చంకలో ఉన్న రిజిస్టరు తెరిచింది. మూడు వారాల్లో అదే మొదటిసారి.

మొదటి పేజీ చదివింది. రెండోది చదివింది. వెనక్కి వచ్చి మొదటిది మళ్ళీ చదివింది.

ఇరవై. ఇరవై. ఇరవై అయిదు. ఇరవై. ఇరవై అయిదు. ఇరవై.

ఇరవై ఒక్క రోజులు. ప్రతిదీ సున్నాతోనో అయిదుతోనో ముగిసింది. ఒకే కలం, ఒకే వాలు, ఒక్క కొట్టివేత లేదు. ఉద్యోగంలో ఆవిడ ఇలాంటి రిజిస్టర్లు నలభై దాకా చూసింది. మెషీన్ రూము తాళం కూడా తియ్యకుండా 'తాళ్ళు బాగున్నవి, తాళ్ళు బాగున్నవి' అని నెలంతా ఒకే రోజు కూర్చుని రాసేవాళ్ళు. ఆ నలభై లిఫ్టులకీ ఆవిడ సీలు వేసింది.

పేజీ అడుగున పర్యవేక్షకుల సంతకం అని ఒక గడి ఉంది. అందులో ఉన్న సంతకం ఆవిడదే. వారానికొకసారి ఆయన తెరిచి పట్టుకుంటే, ఫోను చెవికి ఆనించుకునే పెట్టిన సంతకం.

"మామయ్యగారూ."

"చెప్పమ్మా."

"పన్నెండో తారీఖున ఎంతసేపు పట్టింది?"

"అందులో ఉందిగా. ఇరవై."

"అందులో ఉన్నది చదివాను. ఎంతసేపు పట్టింది అని అడుగుతున్నాను."

ఆయన లిఫ్టు వైపు చూశాడు. లిఫ్టు ఏ సహాయమూ చెయ్యలేదు.

"కాస్త అటూ ఇటూ ఉంటుందమ్మా. మా డిపోలో అయిదు నిమిషాల తేడా ఉంటే దాన్ని రైట్ టైమే అంటాం. ఏడు నిమిషాలు లేటని రాశామనుకో, డ్రైవరుకి మెమో, కండక్టరుకి సంజాయిషీ, మేనేజరుకి పైనుంచి ఉత్తరం. సాయంత్రానికల్లా బస్సు ఎలాగూ ఆ ఏడు నిమిషాలూ కలుపుకుని వచ్చేస్తుంది. ఈలోపు ఇంతమందికి నిద్ర చెడగొట్టడం ఎందుకు?"

"ఇక్కడ మెమో ఎవరికి?"

"నీకే కదమ్మా. డాక్టరమ్మ నిన్నడుగుతుంది. నువ్వు కంగారు పడతావు. బీపీ పెరుగుతుంది."

"నేను కంగారు పడగా మీరెప్పుడైనా చూశారా?"

"లేదు." ఆయన గొంతు తగ్గింది. "అందుకే, నా చేతుల మీదుగా మొదలవకూడదని."

తాళం మూడోసారి వేసి వచ్చిన అత్తగారికి 'రైట్ టైమ్' అన్న రెండు మాటలే వినపడ్డాయి. అవి చాలు ఆవిడకి. "రైట్ టైమా? ఆయన రాతలు నన్నడుగు అమ్మాయ్. ఏ ఫారం నింపినా నా వయసు నలభై అయిదే రాస్తారు. పదిహేనేళ్ళ నుంచీ. నేనేమన్నా అన్నానా?"

"అత్తయ్యా, ఒక్క నిమిషం." సీలు మేడమ్ చెయ్యి చాపింది. "రఫ్ ఇవ్వండి మామయ్యగారూ."

"రఫ్ ఏంటమ్మా?"

"ఇంత శుభ్రంగా ఫెయిర్ రాశారంటే ఎక్కడో రఫ్ ఉంటుంది. లేకపోతే ఎంత తగ్గించాలో మీకెలా తెలుస్తుంది?"

వృత్తిలో ఉన్నవాళ్ళకే తెలిసే రహస్యం పట్టేసిందన్న బాధ ఒక పక్కా, నా కోడలు కాబట్టి పట్టేసిందన్న గర్వం ఒక పక్కా ఆయన మొహంలో కాసేపు కొట్టుకున్నాయి. చివరికి చొక్కా లోపలి జేబులోంచి అరచేతిలో సగం ఉండే డైరీ ఒకటి తీశాడు. దానికి రబ్బరు బ్యాండు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ డైరీని డిపో మేనేజరు కూడా చూడలేదు.

అందులో అబద్ధం లేదు. పద్దెనిమిది. ఇరవై ఒకటి. పందొమ్మిది. ఇరవై నాలుగు. రెండు వారాలు అంతే. తర్వాత ముప్పై ఒకటి. ముప్పై ఎనిమిది. నలభై ఏడు. మొన్న గంటా పన్నెండు నిమిషాలు. నిన్న గంటా ముప్పై నాలుగు.

ఇవాళ పేజీలో మొదలైన టైము ఏడూ నాలుగు. తర్వాత ఎనిమిది టిక్కులు. ఆఖరి టిక్కు పక్కన ఎనిమిదీ యాభై ఒకటి. కింద ఏమీ లేదు.

"పది ఏవి?"

"ఎనిమిది దాకా వచ్చాయి. అప్పుడే అసోసియేషన్ సెక్రటరీగారు లిఫ్టు గురించి తలుపు కొట్టారు. నువ్వు లేచి దెబ్బలాటకి వెళ్ళావు."

"రిజిస్టర్లో ఇవాళ ఇరవై అయిదని ఉంది."

"ఉంది" అన్నాడు ఆయన.

అత్తగారు తాళం లాగి చూడకుండానే మెట్ల వైపు నడిచింది. ఆ ఇంట్లో అలా జరగడం అరుదు.

సీలు మేడమ్‌కి కోపం రాలేదని కాదు. వచ్చింది. సగం ఆయన మీద, సగం ఆ సంతకం గడి మీద. రెండు సగాలూ కలిపి ఒక పక్కన పెట్టింది. తర్వాత చూసుకోవచ్చు. ముందు చెయ్యాల్సినవి వేళ్ళ మీద లెక్కేసుకుంది. హాస్పిటల్‌కి ఫోను చేసి, వచ్చేది మామూలు చెకప్‌కి కాదు, కదలికలు తగ్గాయి, ఇప్పుడే బయలుదేరామని చెప్పింది. భర్తకి చేసింది.

"నమస్కారం, నేను మీకు ఏ విధంగా..." అని అలవాటుగా మొదలుపెట్టినవాడు భార్య గొంతు విని ఆగాడు. ఆవిడ మూడు వాక్యాల్లో చెప్పింది. "వస్తున్నా" అని పెట్టేశాడు. ఆవిడకి సంతృప్తి కలిగిందో లేదో అడగకుండా అతను ఫోను పెట్టెయ్యడం పన్నెండేళ్ళలో అదే మొదటిసారి.

మెట్ల దగ్గర అసోసియేషన్ సెక్రటరీ ఎదురొచ్చాడు. నాలుగంతస్తులు ఎక్కి, ఆ ఎక్కిన కష్టం గురించి అపార్టుమెంటు గ్రూపులో పెట్టడానికి ఫోటో తీసుకుంటున్నాడు. సంగతి విని ఫోను జేబులో పెట్టేశాడు. మంచివాడే.

"మేడమ్, ఈ ఒక్కసారికి సీలు తీసెయ్యండి. మీరే తియ్యండి, మీరే దిగండి, కింద మళ్ళీ మీరే వేసెయ్యండి. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను" అంది సీలు మేడమ్. "నా బ్యాగు పట్టుకోండి. మెట్లు మనం కట్టించుకున్నవేగా."

రెండో అంతస్తు మలుపులో అత్తగారు అందరినీ ఆపి సంచిలోంచి అరటిపండు తీసింది. "ఖాళీ కడుపుతో వెళ్తే ఇంట్లో తిండి పెట్టరా అనుకుంటారు." వాదించే బదులు తినడమే త్వరగా అవుతుందని కోడలు సగం తినేసింది. మిగతా సగం అత్తగారు తినేసింది. మామగారు గడియారం చూసుకున్నాడు. అలవాటు.

టాక్సీ సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా ఆవిడ ఒక వేలు ఎత్తింది.

"తొమ్మిది" అన్నాడు ముందు సీట్లోంచి ఆయన, చిన్న డైరీలో రాస్తూ. "పదీ యాభై ఎనిమిది."

టాక్సీవాడికి ఏం అర్థమైందో గానీ, ఆ తర్వాత ఒక్క గుంతలో కూడా బండి పడనివ్వలేదు.

హాస్పిటల్లో గది సిద్ధంగా ఉంది. నర్సు ఆవిణ్ణి మంచం మీద ఎడమవైపు పడుకోబెట్టి, పొట్ట చుట్టూ రెండు బెల్టులు కట్టి మెషీన్ ఆన్ చేసింది. గదంతా గుర్రం పరిగెడుతున్న చప్పుడు. మెషీన్‌లోంచి కాగితం సన్నగా బయటికి రావడం మొదలుపెట్టింది. తెరమీద నూట నలభై.

"గుండె కొట్టుకుంటోంది" అంది నర్సు. అత్తగారు అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడి, ఈ మెషీన్ తనే కనిపెట్టినంత సంతోషంగా అందరినీ చూసింది. "చెప్పానా? నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను."

డాక్టరమ్మ వచ్చింది. పొట్టిగా, చురుగ్గా, చెవి మీద ఒక పెన్ను. మామగారు రెండు పుస్తకాలూ ముందుకు చాపాడు.

"ఈ పెద్దది ఎవరు రాశారు?"

"నేనేనండీ."

"ఈ చిన్నది?"

"అదీ నేనేనండీ."

డాక్టరమ్మ రెండూ పక్కపక్కన పెట్టి పది సెకన్లు చూసింది. పెద్దదాన్ని మూసి కిటికీ గట్టు మీద పెట్టేసింది. చిన్నదాన్ని రెండుసార్లు చదివింది. "ఇది మొన్న నా చేతికి వచ్చి ఉంటే బావుండేది బాబాయిగారూ."

ఆయన తల ఆడించాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎంతమందికి తప్పించాడో ఆ మెమో, చివరికి ఆయనకి అందింది. మూడు సెకన్లలో, కాగితం కూడా లేకుండా.

సీలు మేడమ్ కాగితం వైపే చూస్తోంది. గీత తిన్నగా వెళ్తోంది. మధ్యలో వణుకు లేదు, గతుకు లేదు. ఎవరో స్కేలు పెట్టి గీసినట్టుంది. నూట నలభై, నూట నలభై, నూట నలభై.

"డాక్టర్‌గారూ, ఈ గీత మరీ శుభ్రంగా లేదూ?"

డాక్టరమ్మ ఆవిడ వైపు కొత్తగా చూసింది. "అవును. కొంచెం ఎగుడుదిగుడు ఉండాలి. బిడ్డ కదిలినప్పుడు గుండె వేగం కాస్త పెరగాలి. మనం మెట్లెక్కితే పెరుగుతుంది చూడండి, అలా. కొన్నిసార్లు నిద్రలో ఉన్నా ఇలాగే ఉంటుంది. పదోదాని కోసం చూద్దాం. అప్పుడు గీత పైకి వెళ్ళిందంటే నాకు సగం బెంగ తీరుతుంది."

చూశారు. అత్తగారు చూసింది. అప్పుడే రొప్పుకుంటూ వచ్చి, మెడలో ఆఫీసు హెడ్‌ఫోనుతో సహా గుమ్మంలో నిలబడిపోయిన భర్త చూశాడు. నర్సు పొట్ట మీద చెయ్యి వేసి మెల్లగా కదిపింది. పదకొండున్నర దాటింది. మామగారి పెన్ను డైరీ మీద సిద్ధంగా ఉంది.

సీలు మేడమ్ వేలు ఎత్తింది.

"పది!" అన్నాడు ఆయన, డిపో మొత్తానికి వినపడేలా. "పదకొండూ ముప్పై ఏడు!"

అత్తగారు చప్పట్లు కొట్టబోయింది. చేతులు గాల్లోనే ఆగిపోయాయి, ఎందుకంటే గుర్రం నడక మార్చింది. చప్పుళ్ళ మధ్య ఖాళీలు పెరిగాయి. గీత పైకి వెళ్ళలేదు. కిందికి వంగింది. నూట ఇరవై. తొంభై ఆరు. ఎనభై రెండు.

"ఈ పక్కకి తిరగండి. ఊపిరి మామూలుగా తీసుకోండి" అంది డాక్టరమ్మ, కాఫీ కావాలా అని అడిగినంత మామూలుగా. ఆవిణ్ణి కుడివైపు తిప్పారు. గీత కాసేపు ఆలోచించి, మెల్లగా లేచింది. వంద. నూట ఇరవై. నూట ముప్పై అయిదు.

"బిడ్డ కదిలినప్పుడు తాడు ఎక్కడో నొక్కుకుంటోంది" అంది డాక్టరమ్మ. "మూడు నాళాలుంటే కొంత తట్టుకుంటుంది. ఈ బిడ్డకి రెండే కాబట్టి వెసులుబాటు తక్కువ. అందుకే కదలడం తగ్గించుకుందేమో. తెలివైన బిడ్డే." తర్వాత చెవి మీది పెన్ను తీసి, ఎటో చూస్తూ అడిగినట్టు అడిగింది. "ఆఖరిసారి ఎప్పుడు తిన్నారు?"

డాక్టర్లు ఆ ప్రశ్న మర్యాదకి అడగరని ఆ గదిలో అందరికీ తెలుసు. అత్తగారికి తప్ప.

"అయ్యో, పొద్దుట్నుంచీ ఏమీ తిన..."

"పదీ నలభై రెండు" అన్నాడు మామగారు. "రెండో అంతస్తు మలుపు దగ్గర. అరటిపండు. సగం. అంతకుముందు ఆరూ ఇరవైకి రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక గ్లాసు పాలు. ఎనిమిదీ యాభై అయిదుకి సెక్రటరీగారితో మాట్లాడుతూ బిస్కెట్లు మూడు. నాలుగోది విరిగి కింద పడింది."

డాక్టరమ్మ అన్నీ రాసుకుంది. నాలుగో బిస్కెట్టు తప్ప. "సిస్టర్, మత్తు డాక్టరుగారికి ఫోన్ చెయ్యండి. థియేటర్ ఖాళీ ఉంచమనండి. చిన్నపిల్లల డాక్టరుకి కూడా చెప్పండి." భర్త ఏదో అనబోయాడు. "మీరు సంతకం పెట్టాల్సినవి ఉన్నాయి, రండి. చదివి పెట్టండి." సీలు మేడమ్‌కి ఆ చివరి మాట తనకే అన్నట్టు తగిలింది.

గుమ్మం దాటబోతూ డాక్టరమ్మ వెనక్కి తిరిగింది. "బాబాయిగారూ, మీకో పని. గీత మళ్ళీ దిగితే, ఎప్పుడు దిగిందో, ఎప్పుడు లేచిందో రాయండి. సెకన్లతో సహా."

మెషీన్ అదంతా తనే రాసుకుంటుందని ఆవిడకి తెలుసు. పని లేకుండా కూర్చున్న టైమ్‌కీపరు ఆ గదిలో ఎంత ప్రమాదమో కూడా తెలుసు.

ఆయన డైరీలో కొత్త పేజీ తిప్పి, నిలువుగా గీత కొట్టాడు. ఎడమవైపు 'దిగినది', కుడివైపు 'లేచినది'. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. కోడలి వైపు చూడలేక మెషీన్ వైపే చూస్తూ అన్నాడు.

"తల్లీ, ఆ గంటా పన్నెండు నిమిషాల రోజున..."

"ఆ కేసు విచారణ తర్వాత, మామయ్యగారూ" అంది సీలు మేడమ్. "సీలు ఎలాగూ పడుతుంది మీకు. ఇప్పుడు రాయండి. ఉన్నది ఉన్నట్టు."

అప్పుడు గుర్రం మళ్ళీ నెమ్మదించింది.

పదకొండూ నలభై నాలుగూ ఇరవై సెకన్లు. ఎడమవైపు గడిలో ఎక్కించాడు. తొంభై. ఎనభై. డెబ్భై రెండు. నర్సు ఆవిణ్ణి మళ్ళీ ఎడమకి తిప్పింది. గీత లేవలేదు. నర్సు గోడ మీది మీట నొక్కింది. వరండాలో ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు.

ఆయన పెన్ను కుడివైపు గడి మీద ఆగింది. ముప్పై సెకన్లు. నలభై. అరవై. జీవితంలో ఎన్ని వేల గడులు నింపాడో ఆ చెయ్యి. ఇప్పుడు ముందుకి పోవడం లేదు.

"ఖాళీగానే ఉంచండి" అంది మంచం మీదనుంచి కోడలు. ఆవిడ గొంతు ఎప్పటిలాగే ఉంది. "వచ్చాక రాద్దాం."

తలుపు తెరుచుకుంది. మంచం చక్రాలకి ఉన్న బ్రేకులు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఊడాయి. టైమ్‌కీపరు డైరీ చేత్తో పట్టుకుని, థియేటర్ వైపు వెళ్తున్న మంచం పక్కనే నడవసాగాడు. కుడివైపు గడి ఇంకా ఖాళీగానే ఉంది.